అమావాస్య నాటి సంతకం

శంషాబాద్,
25 ఆగస్టు 2014, సోమవారం,
పోలాల అమావాస్య.

చిరంజీవి ప్రేమలతను బాపు దీవించి రాసేది.

ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం నాకు నాలుగో తరగతిలో మా సారు నేర్పాడు. ఈసారి అందులో సగమే రాయగలను. ఎవరికీ జ్వరం లేదు, నొప్పి లేదు. మీ అన్న వీరేందర్ బండి తోలుతున్నాడు, మీ వదిన మంజుల వండుతున్నది, నేను తింటున్నాను. క్షేమమంటే అంతే అయితే క్షేమమే.

ఫోను చేయొచ్చు కదా అంటావు. మీ ఆశ్రమ పాఠశాల దగ్గర సిగ్నల్ దొరకాలంటే గుట్ట ఎక్కాలని నువ్వే రాశావు. గుట్ట మీద నిలబడి వినే సంగతి కాదు ఇది. పైగా ఫోన్లో నేను సగం మాటలు మింగేస్తాను, అది నీకు తెలుసు. అందుకే ఉట్నూరు దాకా కాగితం పంపిస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాలికి దవాఖానలో ఇచ్చిన గోలీలు అయిపోయాయి, మళ్ళీ తెచ్చుకోలేదు, తిట్టకు. నువ్వు పంపిన ఇప్పనూనె రాసుకుంటున్నాను. ఆ వాసనకు మంజుల నా మంచం వరండాలోకి మార్చింది. నీ పెళ్ళి సంగతి ఈ ఉత్తరంలో ఎత్తను, కాబట్టి భయపడకుండా చివరిదాకా చదువు. సర్వే డ్యూటీ నీకూ పడిందన్నావు, ఎన్ని ఇండ్లు తిరిగావో రాయి. ఇక్కడ పంతొమ్మిదో తారీకున బస్సు లేదు, దుకాణం లేదు, ఊరంతా ఇండ్లలో కూర్చుని లెక్క రాసేవాళ్ళ కోసం చూసింది. ఆ రోజు మనింట్లో జరిగింది కూడా చెప్తాను, కానీ దాని వంతు వచ్చాక.

మీ హెడ్మాస్టరు అందరి చేతా ఆస్తుల పత్రం నింపించాడని, నువ్వు ఇల్లు, భూమి, కిరాయి అన్న గడులన్నింట్లో అడ్డగీతలు కొట్టి రెండు నిమిషాల్లో సంతకం పెట్టి ఇచ్చావని, 'నా అంత తొందరగా ఎవరి పత్రమూ అయిపోలేదు బాపు' అని నవ్వుతూ రాశావు. ఆ వాక్యం దగ్గర నీ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేశాను. రెండు రోజులు మళ్ళీ తీయలేదు. ఆ గీతల సంగతి చివర్లో చెప్తాను. అక్కడికి పోవాలంటే ముందు మన మేడ మీద కిరాయికి ఉన్న దేజన్న సంగతి చెప్పాలి. అతను వాళ్ళ ఊరు చేరాడా అని కూడా అడిగావు కదా.

చేరాడు. చేరాల్సిన రోజుకు పన్నెండు రోజులు ఆలస్యంగా చేరాడు. అప్పటికి వాళ్ళమ్మను మట్టి చేసి పది రోజులైంది. దానికి కారణం నేను.

నువ్వు అతన్ని చూసింది రెండు ఎండాకాలం సెలవుల్లోనే. అతనికి అఆలు నేర్పుతానని కూర్చుని, అతను ఱ దగ్గర నాలుక మడవలేకపోతే పడిపడి నవ్వావు. నీకు తెలియనిది నేను చెప్తాను. రెండేళ్ళ కింద ఆగస్టులో పై వాటాలో దిగిన రోజు, పెట్టె కూడా విప్పకుండా కిందికి వచ్చాడు. మన ఇంటి పక్క ఖాళీ ప్లాటులో నేను నాలుగు సాళ్ళు జొన్న వేసుకుంటాను కదా, నేరుగా అందులోకి పోయాడు. ఎండిపోతున్న ఒక కర్రను బొటనవేలి గోటితో చీల్చి, లోపలి పురుగును నా అరచేతిలో పెట్టి, ఎంతో కాలానికి చుట్టం కనబడ్డట్టు నవ్వాడు. మొవ్వు తొలిచే పురుగు. నేను ముప్పై ఏళ్ళు తిట్టిన పురుగు. దాన్ని చదవడానికి ఆ మనిషి ఇథియోపియా నుంచి రాజేంద్రనగర్ అవతల ఉన్న పరిశోధన సంస్థకు రెండేళ్ళ కోసం వచ్చాడు. పేరు దెజెనె. వాడకట్టు వాళ్ళు దేజన్న అన్నారు, అతనూ పలికాడు. వీరేందర్‌ను చూసి నన్ను బాపు అనడం మొదలుపెట్టాడు.

విమానాశ్రయం కంచె లోపలికి పోయిన మన చెలకను మేడ మీద నుంచి అతనికి చాలాసార్లు చూపించాను. ఆముదాలు గక్కడ, జొన్న గిక్కడ, నడుమ బావి అని. మీ అన్న ఎప్పుడూ ఓపికగా వినలేదు. అతను విన్నాడు. వాళ్ళమ్మ జొన్నపిండి పులియబెట్టి చేటంత రొట్టె చేస్తుందట. మంజుల చేసిన రొట్టె తిని, "గిది మస్తుంది అక్కా, గానీ పులుపు లేదు" అనేవాడు. రెండేళ్ళూ అదే మాట.

జూన్ మొదట్లో వాళ్ళ చెల్లెలు ఫోను చేసింది. అమ్మకు కడుపులో గడ్డ, ఆపరేషన్ చేయాలన్నారని. దాచుకున్నదంతా పంపించేశాడు. ఎలాగూ జూలై ఆఖరుకు అతని రెండేళ్ళు అయిపోతాయి, ఇరవై ఎనిమిది సోమవారం సాయంత్రం విమానానికి టికెట్టు తీసుకున్నాడు. అప్పుడు సంస్థ ఆఫీసులో చెప్పారట, ఇక్కడ జీతం తీసుకున్న పరదేశి స్కాలరు పన్ను లెక్క దాఖలు చేసి, బాకీ లేదని కాగితం పట్టుకోకుండా దేశం దాటడానికి లేదని. అతనికి ఏమీ అర్థం కాలేదు. వాళ్ళు ఇచ్చిన ఫారాలు తెచ్చి నా ముందు పరిచి, "ఏంది బాపు గివన్ని" అన్నాడు. ఎరువుల సొసైటీ కాగితాలు తప్ప ఏమీ నింపని నన్ను అడిగాడు. బుద్వేల్‌లో జిరాక్స్ షాపు పక్కన కూర్చునే ఆడిటర్ ఐలయ్య దగ్గరికి నేనే తీసుకుపోయాను.

ఐలయ్య ఫారాలన్నీ తిప్పి చూశాడు. "జీతంల కిరాయికని కొంత ఇచ్చిండ్రు. నువ్వు కిరాయి కడుతున్ననని రాసిచ్చినవు గాబట్టి దాని మీద పన్ను పట్టలే. ఇప్పుడు ప్రూఫ్ కావాలె. ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పేరు, పాన్ నంబరు, సంతకం, ఇంటి పన్ను రసీదు జిరాక్సు. పోయినేడు సంది గట్టిగ అడుగుతున్నరు."

"లేకుంటే?" అన్నాను నేను.

"లేకుంటే రెండేండ్ల పన్ను, వడ్డీ కట్టాలె. కట్టేదాక సంస్థోళ్ళు కాగితం ఇయ్యరు. కాగితం లేకుంటే విమానం లేదు." తర్వాత నా వైపు తిరిగి నవ్వాడు. "గంత పరేషాన్ ఎందుకు పెద్దాయనా? ఇల్లు నీదే గద. ఓ సంతకం కొట్టు, ఐపాయె."

దేజన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. చేతిలో పైసా లేని మనిషికి నా సంతకం దొరికింది. నేను తలూపాను.

మరునాడు ఆ కాగితం తెస్తే, పాన్ కార్డు బ్యాంకు లాకర్లో ఉందన్నాను. మనకు లాకర్ ఎక్కడిది? వారం పోయాక మళ్ళీ వచ్చాడు. ఆషాఢం మొదలైందయ్యా, ఆషాఢంలో కొత్త కాగితాల మీద సంతకాలు పెట్టం అన్నాను. ఆషాఢం ఎప్పుడు అయిపోతుందో మంజులను అడిగి, వంటింటి క్యాలెండర్‌లో జూలై ఇరవై ఆరు చుట్టూ పెన్నుతో గుండ్రం గీశాడు. ఆ గడిలో నల్ల చుక్క ఉంది. అదేమిటని అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నెలంతా నేను నీళ్ళకు పోయినప్పుడల్లా ఆ గుండ్రం కనబడేది.

ఇరవై ఆరు శనివారం. పొద్దున్నే స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని దిగాడు. ఐలయ్య అతని కోసం ఆదివారం కూడా షాపు తెరుస్తానన్నాడట. సోమవారం పొద్దున కాగితం ఆఫీసులో ఇస్తే మధ్యాహ్నానికి వాళ్ళ కాగితం వస్తుంది, సాయంత్రం విమానం. మంగళవారం రంజాన్ సెలవు. అంతా వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు.

"బాపు, ఆషాఢం ఐపోయింది. జర సంతకం."

"ఇయ్యాల అమావాస్య," అన్నాను.

"అమావాస్య ఏంది?"

"చంద్రుడు ఉండడు. అమావాస్య నాడు మేము సంతకం పెట్టం. మంచిది గాదు. నీకే మంచిది గాదు."

నీకే మంచిది గాదన్న ముక్క ఎందుకు కలిపానో ఈ రోజుకూ తెలియదు. అతనికి కోపం వస్తుందేమోనని చూశాను, వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. రాలేదు. "మా అమ్మ గూడ గిట్లనే బాపు. దేవుని రోజులు ఉంటయి. ఆ రోజు పిండి గూడ విసరది," అన్నాడు. "సరే. రేపు పెట్టు." కాగితాలు జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పైకి పోయాడు.

అమావాస్యకు మనవాళ్ళు మంచి పని మొదలుపెట్టరన్నది అబద్ధం కాదు. మీ తాత అమావాస్య నాడు నాగలి కూడా బయటికి తీయలేదు. కానీ నా చెయ్యి ఆగింది అందుకు కాదు. ఉన్న ఆచారాన్నే తెచ్చి అడ్డం పెట్టాను. అది నమ్మే మనిషి కాబట్టి నమ్మాడు.

ఆదివారం పాడ్యమి. నా దగ్గర సాకులు అయిపోయాయి. పొద్దున ఆరింటి బస్సు ఎక్కాను, మామిడిపల్లిలో నా పాత దోస్తు కుర్మయ్యకు బాగలేదట, చూసివస్తానని మంజులకు చెప్పి. కుర్మయ్య గుండ్రాయిలా ఉన్నాడు. అతని ఇంటి ముందు వేపచెట్టు కింద కూర్చుని కల్లు తాగాను, మాంసం తిన్నాను, ఫోను ఆపేసి జేబులో వేసుకున్నాను. రాత్రి అక్కడే పడుకున్నాను. సోమవారం మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చాను.

"యాడికి వొయినవు మామా?" అన్నది మంజుల. "ఆయన నిన్న ఎన్నిసార్లు దిగి చూసిండో. పొద్దున వట్టిచేతులతోనే ఆఫీసుకు పోయి అడుక్కున్నడట. ఇయ్యమన్నరట."

పైకి పోయాను. తాళం వేసిన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, "కుర్మయ్యకు ఎట్లుంది బాపు?" అని అడిగాడు.

బాగుందన్నాను. సాయంత్రం అతను ఎక్కాల్సిన విమానం మన మేడ మీదుగానే పోయింది. అతను పిట్టగోడ దగ్గర నిలబడి, అది కనబడకుండా పోయేదాకా చూశాడు. నేను కింద జొన్న సాళ్ళలో నిలబడి అతన్ని చూశాను. అప్పుడైనా పైకి పోయి నిజం చెప్పి ఉంటే, బుధవారం ఏదో ఒక దారి దొరికేది. పోలేదు. రంజాన్ అయిపోనీ, ప్రేమలతకు ఎలాగో కబురు పెడతాను, సంతకం తెప్పిస్తాను అని నాకు నేనే చెప్పుకుంటూ మూడు రోజులు గడిపాను.

గురువారం పొద్దున వాళ్ళ చెల్లెలు ఫోను చేసింది. మెట్ల మీద నుంచి వచ్చిన అతని అరుపుకు మంజుల చేతిలో గిన్నె జారిపోయింది. మధ్యాహ్నం నేను పెన్ను తీసుకుని పైకి పోయాను. ఎందుకు తీసుకుపోయానో, ఎవరి పేరున ఏమని పెడదామనుకున్నానో తెలియదు. అతను నా చేతిలో పెన్ను చూశాడు.

"ఇగ తొందర లేదు బాపు," అన్నాడు.

వాళ్ళలో పోయిన రోజే పూడుస్తారట, ఎవరి కోసమూ ఆపరట. మీ అమ్మ పోయినప్పుడు నువ్వు హనుమకొండ హాస్టల్ నుంచి వచ్చేదాకా మధ్యాహ్నం మూడింటి దాకా ఆపాం. నువ్వు బస్సు దిగి పరుగెత్తుకుంటూ వచ్చి మీ అమ్మ పాదాలు పట్టుకున్నావు. ఆ పట్టుకోవడం కూడా అతనికి లేకుండా చేశాను బిడ్డా.

తర్వాత తోటి స్కాలర్లు తలా కొంత వేసి ఆ పన్ను, వడ్డీ కట్టేశారు. ఆఫీసు కాగితం ఇచ్చింది. ఆగస్టు తొమ్మిదిన వీరేందర్ బండిలో విమానాశ్రయానికి తీసుకుపోయాం, నేనూ పోయాను. లోపలికి పోయేముందు వాళ్ళ పద్ధతిలో నా భుజానికి భుజం మూడుసార్లు ఆనించాడు. నేను ఏడుస్తున్నాను. అతను నా మొహం తుడిచి, "నీ తప్పేం లేదు బాపు. అమావాస్య గద," అన్నాడు.

నన్ను ఓదార్చడానికి అన్నాడు.

ఇప్పుడు ఎందుకు సంతకం పెట్టలేదో చెప్తాను. ఇక్కడిదాకా వచ్చాను కాబట్టి మింగను.

ఆ ఇల్లు నాది కాదు. నీది.

ఐలయ్య అడిగిన పేరు నీ పేరు, పాన్ నంబరు నీ నంబరు. నా పేరుతో పెట్టేద్దామా అని కూడా ఆలోచించాను. కానీ ఇంటి పన్ను రసీదు జత చేయాలన్నాడు, ఆ రసీదు మీద తొమ్మిదేళ్ళుగా నీ పేరే ఉంది. వచ్చిన ప్రతి రసీదునూ ఎవరికీ కనబడకుండా నా ట్రంకు పెట్టెలో అడుగున దాచుకుంటున్నాను.

విమానాశ్రయానికి పోయిన మన మూడెకరాల పది గుంటల్లో ఎకరం పది గుంటలు మీ అమ్మది. ఆమె తల్లిగారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. పరిహారం చెక్కు వచ్చిన రోజు మీ అమ్మ నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పింది. "గది నా తల్లిగారి భూమి. నా బిడ్డకే పోవాలె. పోరగానికి నీ రెండెకరాల పైసలున్నయి." ఆ డబ్బుతోనే ఈ ప్లాటు కొని, నీ పేరు మీద రిజిస్ట్రీ చేయించాను. నీకప్పుడు పదిహేడేళ్ళు, మైనరువి, సంరక్షకుడిగా నేనే సంతకం పెట్టాను. పద్దెనిమిది నిండాక చెప్దాం అన్నది మీ అమ్మ. నిండిన ఆర్నెల్లకు మీ అమ్మే పోయింది. చెప్పాల్సింది నేను. చెప్పలేదు.

నా రెండెకరాల డబ్బులో కొంత ఈ ఇంటి గోడలకు పోయింది, మిగిలింది వీరేందర్ కొన్న లారీతో పోయింది. లారీ అమ్మేసి కారు కొన్నాడు, కారు కిస్తీలకు కిరాయి డబ్బు కావాల్సి వచ్చింది. ఈ ఇల్లు తనదేననుకుని మీ అన్న పెళ్ళి చేసుకున్నాడు, గదులు వేశాడు, గోడలకు రంగులు వేయించాడు. చెప్తే కొట్లాట అవుతుందని భయపడ్డాను. ముసలితనంలో కొడుకు అన్నం పెట్టడేమోనని భయపడ్డాను. ఈ రెండో భయమే పెద్దది, రాసేస్తున్నాను.

ఇంకొకటి. నీ బి.ఎడ్.కు డబ్బు అడిగినప్పుడు లేదన్నాను. నువ్వు బ్యాంకులో లోను తీసుకుని, ప్రైవేటు బడిలో రెండేళ్ళు గొంతు చించుకుని తీర్చావు. అప్పటికే కింది వాటాలో కిరాయిదారులు ఉన్నారు. నీ ఇంటి కిరాయి తీసుకుంటూ నీకు లేదన్నాను. నువ్వు మొదటి జీతంతో నాకు పంచలు తెచ్చావు. వాటిని ఇప్పటిదాకా కట్టుకోలేదని అడుగుతుంటావు కదా, అందుకే కట్టుకోలేదు.

ఇక సర్వే రోజు. కాగితాలు పట్టుకుని మేడమ్ వచ్చింది, నీ వయసే ఉంటుంది, ఎండకు మొహం వాడిపోయింది. మంజుల మంచినీళ్ళు ఇచ్చింది. మనుషుల లెక్క అయ్యాక, "ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగింది.

"బాపు పేరు మీదనే. దశరథం అని రాసుకోండి," అన్నాడు వీరేందర్.

ఆ అమ్మాయి పెన్ను కాగితం మీద ఆనించింది. నువ్వు కూడా ఆ పూట ఏ గూడెంలోనో ఎవరి గడపలోనో ఇదే అడుగుతూ ఉంటావు అనిపించింది. వాళ్ళు నీకు నిజమే చెప్తారు అనిపించింది.

"కాదు," అన్నాను. "ప్రేమలత. నా బిడ్డ."

వీరేందర్ నవ్వాడు, నాకు మతి తప్పిందనుకుని. ట్రంకు పెట్టె తెరిచి రిజిస్ట్రీ కాగితం వాడి చేతిలో పెట్టాను. మేడమ్ రాసుకుని పోయాక అడిగాడు.

"చెల్లెకు ఎరుకేనా?"

"ఎరుక లేదు."

"దేజన్నకు సంతకం పెట్టకపోయింది గందుకేనా?"

నేను ట్రంకు పెట్టె మూత వేశాను.

"గా మనిషిని నా బండ్లనే తోలుకపోయిన గద బాపు. నీ కండ్లు తుడిచిండు గద. నాతోని ఒక్క మాట చెప్తే ఏమాయె? నేను కొట్లాడుతననుకున్నవా?"

"అనుకున్న," అన్నాను.

"కొట్లాడేటోన్నేమో," అన్నాడు. "గానీ గా మనిషిని పోనిచ్చేటోన్ని."

ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టడం మానలేదు. మంజుల చేతికి ఇచ్చి పంపిస్తున్నాడు. నేను దేనికి భయపడి ఇదంతా చేశానో అది జరగలేదు.

ఇందులో నాలుగు కాగితాలు పెట్టాను. ఒకటి రిజిస్ట్రీ జిరాక్సు. ఇంకో రెండు, దేజన్న కట్టిన రెండేళ్ళ కిరాయికి ఏడాదికొకటి చొప్పున రసీదులు, ఐలయ్య చేత టైపు చేయించాను. ఓనర్ సంతకం దగ్గర ఖాళీ ఉంది. నువ్వు సంతకం పెట్టి నీ పాన్ నంబరు రాసి పంపిస్తే, మళ్ళీ రిటర్ను వేసి ఆ స్కాలర్లు వేసుకున్న డబ్బు వెనక్కి తెప్పించొచ్చు అన్నాడు. ఈసారి అసలు సంగతి అతనికి చెప్పాను. అయితే ఆ కిరాయి నీ ఆదాయం కింద చూపించాలట, దానికి పన్ను నీకు పడుతుందట. అది నేను కడతాను, నా దగ్గర దారి ఉంది. నీ ఆస్తుల పత్రం మాత్రం నువ్వే దిద్దాలి. మీ హెడ్మాస్టరు దగ్గరికి పోయి, నాకు తెలియదు, మా బాపు దాచాడు అని చెప్పు. నా మీద పెట్టడానికి మొహమాట పడకు. నీ నౌకరికి మచ్చ రాకూడదు.

నాలుగో కాగితం మీద దేజన్న అడ్రసు ఉంది. నాకు ఇంగ్లీషు రాదు, నువ్వే అతనికి రాయాలి. క్షమించమని రాయొద్దు, అది నేను అడిగేది కాదు. అమావాస్య సాకు అని రాయి. కుర్మయ్యకు ఆ రోజు ఏ రోగమూ లేదని రాయి. నీ తప్పేం లేదు బాపు అని అతను అన్న మాట వెనక్కి తీసుకోమని రాయి. ఇంత రాశాక అతను నన్ను తిడితే ఆ తిట్టు కూడా ఉన్నదున్నట్టు నాకు తెలుగులో పంపించు.

సంతకం పెడతావో లేదో, ఇల్లు ఏం చేసుకుంటావో, మమ్మల్ని ఉండమంటావో పొమ్మంటావో నీ ఇష్టం. మీ అన్న మీద మాత్రం కోపం పెట్టుకోకు, వాడికీ నీలాగే ఏమీ తెలియదు.

ఈ ఉత్తరం నిన్ననే అయిపోయింది. పైన తారీకు, కింద పేరు పెట్టకుండా ఆపాను. ఇందాక మంజుల చూసి, "ఇయ్యాల అమావాస్య మామా, సంతకం రేపు పెట్టి పోస్టుల వెయ్యి" అన్నది. ఆమె ఎప్పటి అలవాటు కొద్దీ అన్నది, తర్వాత తనే నోరు మూసుకుని లోపలికి పోయింది. జూలైలో ఆ శనివారం చేయని పని ఈ అమావాస్యకు చేస్తున్నాను. అతనికి ఇక పనికిరాదు. నీకు పనికివస్తుందేమోనని తారీకుతో సహా పెడుతున్నాను.

ఇట్లు,
నీ ఇంట్లో ఉంటున్న
నీ బాపు
దశరథం
25-8-2014, అమావాస్య